పరుగెత్తే హక్కు ఎవరి లెక్కలో ఉంది?

మన హక్కుల లెక్క ఏ వయసు నుంచి మొదలవుతోంది? 2007 నాటి నాలుగు శాతం రిజర్వేషను పై చదువులకూ ఉద్యోగాలకూ అక్కరకొస్తుంది. తెలంగాణ మైనారిటీ గురుకులాల తలుపు ఐదో తరగతిలో తెరుచుకుంటుంది. విద్యాహక్కు చట్టం ఆరేళ్లు నిండితే గాని బిడ్డను గుర్తించదు. మూడేళ్లు దాటిన పిల్లల పూర్వప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అని ఆ చట్టంలోని పదకొండో సెక్షను చెప్పి ఊరుకుంది. ‘చేయాలి’ అనలేదు. ఆ ఒక్క క్రియాపదం సందులోంచి మన బస్తీ పిల్లలు జారిపోతున్నారు.

మూడేళ్ల బిడ్డకు చదువంటే ముందు ఒళ్లు స్వాధీనం కావడమే. మెట్టుకొక కాలు మార్చి ఎక్కడం, నాలుగో ఏట ఒంటికాలిపై కుంటడం, ఐదో ఏట గెంతుతూ సాగడం, బంతి విసిరి పట్టడం. విద్యావేత్తలు స్థూల చలన నైపుణ్యాలనేవి ఇవే. వయసుతోపాటు వాటంతటవే రావు; పరుగెత్తడానికీ, పడి లేవడానికీ చోటు కావాలి. నడుమూ భుజమూ నిలకడగా ఉంటేనే వేళ్లు పెన్సిలును అదుపులో పెట్టగలవు. ఆటస్థలం లేని బడిలో మూడేళ్లకే పలక దిద్దించి, ‘వీడికి రాత రావడంలేదు’ అని తేల్చేయడం కంటే అన్యాయం ఏముంటుంది? మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలని, అందులో 60 నిమిషాలు చెమటపట్టే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ప్రభుత్వానికి ఇది తెలియదని అనుకోవద్దు. 2013 నాటి జాతీయ శైశవ సంరక్షణ, విద్యా విధానం ముప్పైమంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది, బయట మరో 30 చదరపు మీటర్ల చోటు ఉండాలని రాసుకుంది. పాతబస్తీ సందుల్లో అద్దెకు దొరికే పదికి పన్నెండడుగుల గది ఆ ప్రమాణంలో మూడో వంతు కూడా కాదు. ఆ గదిలోనే పొయ్యి, పప్పు బస్తాలు, గుడ్ల అట్టలు. ఇక కుంటాట ఎక్కడ? తప్పు టీచరుదీ ఆయాదీ కాదు, ఆ గదిని ‘కేంద్రం’ అని పిలిచి సంతృప్తి పడినవారిది. 2006లో ప్రధానమంత్రి కొత్త పదిహేను సూత్రాల కార్యక్రమంలో మొట్టమొదటి సూత్రమే మైనారిటీలు గణనీయంగా ఉన్నచోట అంగన్‌వాడీలు నెలకొల్పడం. కేంద్రమంటే బోర్డు మాత్రమేనా?

‘మీ పేటల్లో స్థలమేదీ?’ అన్న జవాబు మాకు కొత్తకాదు. సాయంత్రం బడి వదిలాక తాళం పడే ప్రభుత్వ పాఠశాలల ఆవరణలు స్థలం కావా? పురపాలక ఉద్యానవనాలు ఉదయం పది తర్వాత ఎవరికోసం ఖాళీగా ఉంటున్నాయి?

మనవాళ్లనూ అడగవలసిందే. మూడో అంతస్తులో ‘ఇంగ్లీషు మీడియం నర్సరీ’ తెరిచి, చేతులు కట్టుకుని కూర్చోవడాన్నే క్రమశిక్షణగా అమ్ముతున్న యాజమాన్యాలలో మన పేర్లూ ఉన్నాయి. ఆడపిల్ల గెంతితే కసిరే పెద్దలూ మన ఇళ్లలోనే ఉన్నారు. సజ్దాలో ఉండగా మనవడు వీపెక్కితే, వాడు దిగేదాకా దైవప్రవక్త (స) తల ఎత్తలేదు. ఆయిషా (ర)తో ఆయన పరుగుపందెం వేశారు. ఈ హదీసులు జుమా ప్రసంగాల్లో తరచూ వింటూనే, మసీదు వరండాలో పిల్లవాడు పరుగెడితే చెవి మెలిపెడుతున్నాం. ఏడాదిలో రెండు పండుగలకే నిండే ఈద్గా మైదానాల గేట్లకు మిగతా రోజులు తాళాలెందుకో ముతవల్లీలు చెప్పాలి.

కనుక మా డిమాండ్లు ఇవి. విద్యాహక్కు చట్టాన్ని మూడో ఏటి నుంచి వర్తింపజేయాలి. పదకొండో సెక్షనులో ‘చేయాలి’ అని మార్చాలి. మైనారిటీ బస్తీలలోని ప్రతి అంగన్‌వాడీకి గది కొలతనూ బయటి చోటు కొలతనూ మండలాలవారీగా ప్రకటించాలి. ప్రమాణానికి తగ్గినచోట సమీప ప్రభుత్వ బడి ఆవరణనో పార్కునో ఉదయంపూట కేటాయిస్తూ లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అంతవరకు ఈద్గా కమిటీలు రోజుకు రెండు గంటలు గేటు తెరిచి, ఆ సమయానికి ఒక కాపలా మనిషిని పెట్టాలి.