ఆరు వేళ్లు, చవక గిటారు

బ్లూస్ కొత్తగా వినాలనుకునే విద్యార్థి మిత్రులకు నేను ముందు చెప్పే పేరు హౌండ్ డాగ్ టేలర్. ఆయన మొదటి ఆల్బమ్ 'హౌండ్ డాగ్ టేలర్ అండ్ ద హౌస్‌రాకర్స్' 1971లో వచ్చింది.

టేలర్ 1915లో మిసిసిపీలో పుట్టిన నల్లజాతి మనిషి. ఎడమచేతికి ఆరు వేళ్లు. 1942లో షికాగో చేరాడు. చాలా ఏళ్లు పగలు కూలిపని, రాత్రి సౌత్‌సైడ్ బార్లలో పాట. మొదటి ఆల్బమ్ వచ్చేసరికి వయసు 50 దాటింది. చేతిలో చవకరకం జపాన్ గిటారు. బృందంలో ముగ్గురే. బేస్ గిటారు లేదు, ఆ బరువు కూడా బ్రూయర్ ఫిలిప్స్ తన మామూలు గిటారు మీదే మోశాడు. డ్రమ్స్ టెడ్ హార్వీ. బార్లో ఎలా వాయించేవాళ్లో స్టూడియోలోనూ అలాగే వాయించారు.

మెచ్చుకునేవాళ్లు కూడా 'మోటుగా ఉంటుంది, కానీ హుషారు' అంటారు. నా పేచీ ఆ 'కానీ'తోనే. బేస్ లేకుండా ముగ్గురే గది మొత్తాన్ని ఆడించడం నైపుణ్యం కాదా? గిటారులోని ఆ గరగర లోపం కాదు, అది ఆయన గొంతు. డప్పును 'జానపదం' అని పక్కన కూర్చోబెట్టి, 'శాస్త్రీయం' అనే మాటను వేరేవాళ్లకు దాచిపెట్టడం చూసిన మనకు ఈ 'మోటు' కొత్త మాట కాదు.

ఇంకో లెక్క చూడండి. బ్రూస్ ఇగ్లావర్ అనే తెల్ల కుర్రాడు ఒక రికార్డు కంపెనీలో గుమాస్తా. టేలర్ రికార్డు వేయమంటే యజమాని ముందుకు రాలేదు. దాంతో తనకు వారసత్వంగా వచ్చిన 2,500 డాలర్లు పెట్టి అలిగేటర్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. ఆ సంస్థ తొలి రికార్డు ఇదే. మొదట వేసినవి 1,000 కాపీలు. ఆ కుర్రాడి చెవికి దండం. అయినా ఒకరికి వారసత్వం ఉంది, ఒకరికి పాట ఉంది. ఆ రెండూ ఎదురుపడితేనే రికార్డు వచ్చింది. ఎదురుపడని పాటలు ఎన్ని మట్టిలో కలిసిపోయాయో!

టేలర్ 1975లో చనిపోయాడు. ఆల్బమ్ మాత్రం పాతబడలేదు. ఎందుకంటే అది జాలి అడగదు. వారమంతా ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు తమ కోసం తాము సంపాదించుకున్న సంతోషం అందులో ఉంది. మన దగ్గర కన్నీళ్లే ఆశించి వచ్చే శ్రోతలకు ఆ సంతోషం వినిపించాలి. అది కూడా రాజకీయమే.

మీ హాస్టల్లో, మీ వాడలో పాడేవాళ్లుంటే మంచి స్టూడియో దొరికేదాకా ఆగకండి. ఫోన్ తీసి రికార్డు చేయండి. పేరు వాళ్లదే వేయండి, హక్కు వాళ్ల దగ్గరే ఉంచండి.