ఆటకు వెలయా, యంత్రమునకు వెలయా?

వీడియో గేమునకు వెల గట్టవలసినది అందలి శ్రమను బట్టియా, దాని నాడు యంత్రమును బట్టియా? ఈ ప్రశ్న కొనువాని సంచికి సంబంధించినది.

2014వ సంవత్సరమున నింటెండోవారు 'సూపర్ స్మాష్ బ్రదర్స్' అను ఆటను అమెరికాలో రెండు వెలలకు విక్రయించిరి. చేత బట్టుకొని యాడు త్రీడీఎస్ యంత్రమునకు సుమారు 40 డాలర్లు. ఇంట టెలివిజనుకు తగిలించు వీ యూ యంత్రమునకు సుమారు 60 డాలర్లు. చిన్న తెరకు చిన్న వెల యను ఆ కట్టుబాటు కూలినాలి చేసికొనువాని బిడ్డకు గూడ ఒక ద్వారమును తెరచి యుంచెను.

2017లో స్విచ్ వచ్చి చేతి యంత్రమును, ఇంటి యంత్రమును ఒక్కటి గావించెను. యంత్రములు కలియుట మేలే. కాని ఆ సంస్థవారి ముఖ్యమైన ఆటల వెలలు పైమెట్టుననే కలిసినవి. 1993లో గేమ్‌బాయ్‌కై పుట్టిన 'లింక్స్ అవేకెనింగ్' 2019లో నూతన రూపమున 60 డాలర్లకు వచ్చెను. 2025లో స్విచ్ 2తో వెలువడిన 'మారియో కార్ట్ వరల్డ్' వెల 80 డాలర్లు.

పెద్ద ఆటకు వందలాది పనివారు ఏండ్ల తరబడి శ్రమింతురనుట సత్యమే. వారి కూలి వారికి ముట్టవలెను. అయినను ఆ న్యాయము శ్రమాధిక్యము గల యాటలకే చెల్లును. చిన్న యాటకు గూడ దానినే వర్తింపజేయుట గాజుపూసకు రత్నపు వెల యడుగుట. డౌన్‌లోడు చేసికొన్న ఆటను మరల నమ్ముకొను స్వేచ్ఛయు లేనప్పుడు ఆ భారము మరింత హెచ్చును. కావున యంత్రమేదైనను, ఆటయొక్క విస్తృతిని బట్టి వెల నిర్ణయించి, 40 డాలర్ల మెట్టును పునరుద్ధరింపవలెను.

కొనువారు నిస్సహాయులు గారు. 2011 మార్చిలో అమెరికాలో 250 డాలర్లకు వచ్చిన త్రీడీఎస్, అమ్మకములు మందగింపగా, ఆగస్టునకే 170 డాలర్లకు దిగెను. కొనువాడు చేయి బిగించిననాడు వర్తకుడు మెట్టు దిగును.