పాడ్‌కో చిరునామా

"నాన్నా, ఆఫీసులో నీ పనేంటి?" అని అడిగే పిల్లల కోసం ఈసారి ఆ సంగతే.

కంటైనర్లను కలిపి ఉంచేది పాడ్. చిక్కుడుకాయలో గింజల్లా అన్నమాట. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమెజాన్ క్లౌడ్ 2014 నుంచీ ఉంది. అక్కడి కుబర్నెటీస్ క్లస్టర్‌లో మామూలుగా ప్రతి పాడ్‌కూ సబ్‌నెట్ నుంచే ఐపీ చిరునామా ఇస్తారు. 256 చిరునామాల సబ్‌నెట్ అయితే అమెజాన్ 5 అట్టిపెట్టుకోగా మిగిలేవి 251. మా క్లయింటు ఒకరికి క్రిస్మస్ అమ్మకాల ముందు అవి నిండుకున్నాయి. కొత్త పాడ్‌లు లేవలేదు.

అందుకని కొత్త క్లస్టర్ కట్టి కాలికో ప్లగిన్ పెట్టాం. ముందు అమెజాన్ ప్లగిన్ తీసేయాలి, కాలికో ఎక్కించాలి, ఆ తర్వాతే మెషీన్లు చేర్చాలి. ఇక్కడి మన అపార్ట్‌మెంట్లు చూడండి. వీధికి తెలిసేది ఇంటి నంబరొక్కటే. లోపల ఎవరున్నారో బెల్ మీది పేరు చెబుతుంది. ఇదీ అంతే. పాడ్‌ల చిరునామాలు లోపలివి, బయటికి కనబడేది మెషీన్‌ది.

అసలు చిక్కు వేరే. క్లస్టర్‌ను నడిపించే కంట్రోల్ ప్లేన్ అమెజాన్ చేతిలో ఉంటుంది, దానిలో కాలికో పెట్టలేం. కనుక అది పాడ్‌లను నేరుగా పిలవలేదు. దాని పిలుపు అందుకోవలసిన వెబ్‌హుక్‌లను హోస్ట్ నెట్‌వర్క్‌లోనే నడపాలి. నన్నడిగితే ఈ మాట మాన్యువల్ మొదటి పేజీలోనే ఉండాలి. మా క్లయింటుకు అలాంటివి రెండున్నాయి. వాటిని మార్చాకే పాడ్‌లు లేచాయి.