ఎర్రచందనం: విజ్ఞానం చెబుతున్నదేమిటి, విపణి వింటున్నదేమిటి

శేషాచలం అడవుల్లో పట్టుబడిన ఎర్రచందనం దుంగల వార్త లేని నెల ఉండదు. ఆ దుంగకు అంత ధర ఎందుకన్న ప్రశ్నకు మాత్రం తలకొక సమాధానం వినిపిస్తుంది. సర్వరోగ నివారిణి అనేవారు కొందరు, అణు రియాక్టర్లలో వాడతారనేవారు మరికొందరు. రెండో మాటకు శాస్త్రీయ ఆధారం లేదు. మొదటి మాటలో కొంత నిజమూ, చాలా అతిశయోక్తీ కలగలిసి ఉన్నాయి. ఈ రెంటినీ వేరుచేసి చూడటం ఒక అరుదైన చెట్టు భవితవ్యానికే కాక, ఆ చెట్టు చుట్టూ ప్రాణాలొడ్డుతున్న మనుషులకూ అవసరం.

టెరోకార్పస్ శాంటలైనస్ అనే శాస్త్రీయ నామం గల ఈ వృక్షం తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితమైనది. కడప, అన్నమయ్య, తిరుపతి, నెల్లూరు జిల్లాల్లోని శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల దీని ప్రధాన ఆవాసాలు. రాళ్లు తేలిన పొడి వాలు నేలల్లో, తక్కువ వర్షపాతంలో నెమ్మదిగా ఎదుగుతుంది. రెక్కల వంటి అంచు గల దీని కాయల్లో మొలకెత్తేవి తక్కువే. పేరులో చందనం ఉన్నా, శ్రీగంధంతో దీనికి చుట్టరికం లేదు. దీని కలపకు ఆ పరిమళమూ లేదు. ఇది చిక్కుడు, వేగిస వంటి కాయజాతి కుటుంబానికి చెందినది.

దీని విలువంతా కాండం మధ్యలో ఉండే చేవలోనే ఉంది. చేవ ఎంత సాంద్రమైనదంటే నీటిలో వేస్తే మునుగుతుంది. చెదలు సులభంగా పట్టవు. జపానులో షామిసెన్ అనే తంత్రీ వాద్యపు మెడను చెక్కేందుకు, చైనాలో సంప్రదాయ గృహోపకరణాల తయారీకి దీన్ని కోరుకోవడం ఈ గుణాల వల్లనే. కొన్ని చెట్ల చేవలో అలలు తేలినట్లుండే నార కనిపిస్తుంది. అంతర్జాతీయ విపణిలో అధిక ధర పలికేది అటువంటి దుంగకే. అయితే నిలిచి ఉన్న చెట్టును చూసి లోపల అలల నార ఉన్నదీ లేనిదీ కచ్చితంగా చెప్పడం కష్టం. నరికి చూస్తేనే తెలిసే విలువ కోసం సాధారణ చెట్లు కూడా గొడ్డలికి బలికావడం ఇందులోని విషాదం.

చేవ ఎరుపుకు కారణం శాంటలిన్లు అనే వర్ణద్రవ్యాలు. శతాబ్దాల క్రితమే ఈ కలప వస్త్రాలకు రంగులద్దే సరుకుగా ఐరోపాకు ఎగుమతి అయింది. ఈ వర్ణద్రవ్యాల అణునిర్మాణం చాలా సంక్లిష్టమైనది. 2013లో జర్మనీలోని మ్యూనిక్ రసాయన శాస్త్రవేత్తలు వీటిని ప్రయోగశాలలో సంశ్లేషించగలిగారు.

ఇక ఔషధ గుణాల సంగతి. ఆయుర్వేదం రక్తచందనాన్ని శీతల ద్రవ్యంగా పరిగణిస్తుంది. చెక్కను సానపై నీటితో అరగదీసి వాపులకు, తలనొప్పికి పట్టు వేయడం రాయలసీమ పల్లెల్లో తరతరాలుగా ఉన్న ఆచారం. ఆధునిక పరిశోధన ఈ జ్ఞానాన్ని కొట్టిపారేయలేదు, పరీక్షకు పెట్టింది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో వెలువరించిన అధ్యయనంలో, మధుమేహం కలిగించిన ఎలుకల రక్తంలో చక్కెరను దీని బెరడు సారం తగ్గించింది. గమనించవలసినదేమంటే, అది ఎలుకలపై జరిగిన ప్రయోగం, వాడినది బెరడు. విపణి కోరుతున్నది చేవను.

ఈ చెట్టు జాతి నుంచే పేరు తెచ్చుకున్న టెరోస్టిల్బీన్ అనే పదార్థం మరింత ఆసక్తికరమైనది. అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలెస్ట్రాల్ అధికంగా ఉన్న 80 మందిపై దీన్ని పరీక్షించారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం ఎక్కువ మోతాదులో రక్తపోటు తగ్గింది. కానీ చెడు కొలెస్ట్రాల్ పెరిగింది. మేలు చేసే పదార్థమే కీడూ చేయగలదన్న హెచ్చరిక ఇందులో ఉంది. పైగా ఈ పదార్థం బ్లూబెర్రీ పండ్లలోనూ లభిస్తుంది, కర్మాగారంలోనూ తయారవుతుంది. దాని కోసం అడవిలోని చెట్టును కూల్చవలసిన పని లేదు. ప్రయోగశాల ఫలితాన్ని ప్రచార వాక్యంగా మార్చి, చెక్కపొడిని రోగుల చేతికి అందించే వ్యాపారానికి శాస్త్రం బాధ్యత వహించదు.

అడవిలో మాత్రం మూల్యం మనుషులు చెల్లిస్తున్నారు. 2013 డిసెంబరులో స్మగ్లర్ల దాడిలో ఇద్దరు అటవీ అధికారులు మరణించారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు తమిళనాడుకు చెందిన 20 మంది బలయ్యారు. అడవిలో గొడ్డలి పట్టేది కూలి కోసం కొండలెక్కే పేద. లాభం చేరేది సముద్రం దాటిన తర్వాత. ఈ అంతరం తొలగనంత కాలం అరెస్టుల సంఖ్య పెరిగినంత మాత్రాన చెట్టుకు రక్షణ లభించదు.

చట్టాల కొరత లేదు. 1995 నుంచి ఈ జాతి సైట్స్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది. దుంగలు, ముక్కలతో పాటు పొడి, సారాల వ్యాపారానికీ నియంత్రణ వర్తిస్తుంది. 2019లో కేంద్రం ప్రైవేటు భూముల్లో సాగుచేసిన ఎర్రచందనం ఎగుమతికి వెసులుబాటు ఇచ్చింది. 2004 నుంచి భారత్‌పై కొనసాగుతున్న సైట్స్ ప్రత్యేక సమీక్ష 2023 నవంబరులో ముగిసింది. రైతుకు ఇది శుభవార్తే. అయితే చేవ కట్టేందుకు రెండు దశాబ్దాలకు పైగా ఆగాలి. పొలంలో పెరిగిన దుంగకూ, అడవి నుంచి దొంగిలించిన దుంగకూ కంటికి తేడా తెలియదు. సాగు పేరిట అడవి సరుకు చలామణి కాకుండా చూడటం ఇప్పుడు ఎదురవుతున్న అసలు పరీక్ష.

అందువల్ల పరిశోధన దృష్టి మారవలసి ఉంది. దుంగ పుట్టుకను నిర్ధారించే జన్యు, రసాయన పరీక్షలు, అలల నారను చెట్టును నరకకుండానే గుర్తించే పద్ధతులు, నాణ్యమైన మొక్కలను రైతుకు అందించే ప్రయత్నాలు, మనుషులపై క్రమబద్ధమైన ఔషధ పరీక్షలు ఇప్పుడు అత్యవసరం. జీవవైవిధ్య చట్టం ఉద్దేశించిన ప్రయోజనాల పంపిణీ రైతులకూ, అడవి అంచు గ్రామాలకూ సకాలంలో చేరాలి. చెట్టు నిలిచి ఉంటేనే ఆదాయమన్న నమ్మకం ఆ పల్లెల్లో కలిగిననాడు శేషాచలానికి అంతకు మించిన కాపలా ఉండదు.