గృహ తనిఖీదారుల బాధ్యత, బీమా మరియు క్లెయిము గడువులు

గృహ తనిఖీ అనగా ఇల్లు కొనుటకు ముందు దాని పునాది, స్తంభాలు, శ్లాబు, నీటి గొట్టాలు, విద్యుత్ వైరింగు మొదలైనవాటిని పరీక్షించి కొనుగోలుదారునకు నివేదిక ఇచ్చే సేవ. భారతదేశంలో ఈ వృత్తికి ప్రత్యేక లైసెన్సు చట్టము గాని, తప్పనిసరి బీమా గాని లేవు. కావున నివేదికలో లోపం దొర్లినచో నష్టం ఎవరు భరించాలి, ఎంతకాలంలో ఫిర్యాదు చేయాలి అను విషయాలను ఇతర చట్టాల నుండి గ్రహించవలసి ఉన్నది.

మల్కాజ్‌గిరి నేపథ్యం

మల్కాజ్‌గిరి సికింద్రాబాదును ఆనుకొని ఉన్న ప్రాంతం. ఇక్కడి పురపాలక సంఘం 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమైనది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడినది. మీర్జాలగూడ, ఆనంద్‌బాగ్, సఫిల్‌గూడ వంటి చోట్ల పాత ఇండ్ల స్థలాలలో చిన్న అపార్టుమెంట్లు వెలసినవి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లకు మించని స్థలంలోని లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించని ప్రాజెక్టుకు నమోదు అవసరం లేదు. అటువంటి ఫ్లాటు కొన్నవారికి వినియోగదారుల కమిషనే ముఖ్యమైన ఆధారం.

గడువులు

రెరా చట్టం 14(3) సెక్షను ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుండి ఐదు సంవత్సరాల లోపు నిర్మాణ లోపమును నిర్మాత దృష్టికి తెచ్చినచో, 30 రోజులలో ఉచితంగా సరిచేయవలెను. లేనిచో పరిహారం చెల్లించవలెను. భూమి హక్కులోని లోపము వలన కలిగిన నష్టానికి 18(2) సెక్షను క్రింద కాలపరిమితి అడ్డురాదు.

తనిఖీదారుని సేవాలోపమునకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. 69వ సెక్షను ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన తేదీ నుండి రెండు సంవత్సరాలలో ఫిర్యాదు చేయాలి. తగిన కారణం చూపినచో కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చును. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలు ఈ చట్టంలో కలదు. గృహ నిర్మాణం కూడా సేవయే అని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో తీర్పు చెప్పినది. రెరా ఉన్నప్పటికీ వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చునని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో స్పష్టం చేసినది.

బీమా

ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ తీసుకొనవచ్చును. సాధారణంగా ఇది తప్పు జరిగిన నాటిని గాక క్లెయిము వచ్చిన నాటిని లెక్కించే పాలసీ. తనిఖీ చేసిన సంవత్సరంలో పాలసీ ఉన్నను, క్లెయిము వచ్చేనాటికి దానిని పునరుద్ధరించనిచో సొమ్ము రాదు.

2012 నాటి భవన నిర్మాణ నియమాల క్రింద పెద్ద భవనాలకు ఇచ్చిన అనుమతులలో, పూర్తయిన భవనానికి కనీసం మూడేళ్ళ బీమా పత్రం సమర్పించాలను షరతు కనిపిస్తుంది. రెరాలోని ఐదేళ్ళ బాధ్యతకు ఈ మూడేళ్ళు సరిపోవు. రెరా 16వ సెక్షనులో భూమి హక్కుకు, నిర్మాణానికి బీమా ప్రస్తావన ఉన్నను, అది రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన బీమాలకే వర్తిస్తుంది.

పాత ఇండ్లు

చేతులు మారే పాత ఫ్లాటుకు ఐదేళ్ళు ముందే గడచి ఉండవచ్చును. అప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ముఖ్యమగును. విక్రేత తనకు తెలిసిన, కొనుగోలుదారు సాధారణ జాగ్రత్తతో కనుగొనలేని ముఖ్య లోపాన్ని వెల్లడించవలెను. విక్రేతకే తెలియని లోపానికి ఈ రక్షణ లేదు. తనిఖీదారుని అవసరం ఇక్కడనే ఎక్కువ. బ్యాంకు మదింపుదారుని నివేదిక రుణ భద్రత కొరకు తయారయ్యేది గనుక దానిని తనిఖీగా భావించరాదు.

ఇతర దేశాలు

అమెరికాలో తెలుగువారు అధికంగా నివసించే టెక్సాస్‌లో తనిఖీదారులకు లైసెన్సు, కనీసం లక్ష డాలర్ల బాధ్యతా బీమా తప్పనిసరి. కాలిఫోర్నియాలో తనిఖీ తేదీ నుండి నాలుగేళ్ళలోపు దావా వేయవలెను.

విశ్లేషణ

నిర్మాత బాధ్యత ఐదేళ్ళు, కమిషన్ గడువు రెండేళ్ళు, భవన బీమా మూడేళ్ళు. ఈ మూడింటి ఆరంభ తేదీలు కూడా వేరు. 2022 జూన్‌లో స్వాధీనమైన ఫ్లాటులో 2024 వర్షాకాలంలో గోడ చెమ్మగిల్లినచో, నిర్మాతకు 2027 జూన్ వరకు తెలుపవచ్చును గాని, చెమ్మ కనిపించిన నాటినుండి లెక్కించినచో కమిషన్ గడువు 2026లోనే ముగియును. కావున లోపము కనిపించిన వెంటనే ఫోటోలతో, లిఖితపూర్వకంగా, రశీదు ఉండునట్లు నోటీసు పంపుట క్షేమకరం. తనిఖీకి ముందే ఒప్పందంలోని బాధ్యతా పరిమితిని, తనిఖీదారుని బీమా పత్రమును చూడవలెను.