సాహిత్యంలో జూదరి

జూదాన్ని మెచ్చిన నీతిశాస్త్రం లేదు. పెద్దలు దానిని సప్తవ్యసనాలలో చేర్చినారు. రాజులకు ప్రత్యేకంగా నిషేధించినారు. అయినను నిషేధవాక్యం విని పాచికలు పారవేసినవాడు అరుదు. శాస్త్రం చేయలేని ఈ పనిని సాహిత్యం చేయగలదా? చేయగలదనుటకు ప్రాచీనమైన నిదర్శనాలే ఉన్నవి. కాని ఆ పని సాహిత్యం ఉపదేశంతో చేయలేదు. జూదంలో పోయినదేమిటో, ఎవరిదో లెక్క తీసి చూపింది. జూదం మీద వచ్చిన కావ్యాలను, కథలను ఈ లెక్కతోనే తూచవలసి ఉన్నది.

ఋగ్వేదం 10వ మండలంలో 34వ సూక్తం జూదరి విలాపం. దేవతాస్తుతుల నడుమ ఒక వ్యసనపరుని సంసారగాథ చేరడమే ఆశ్చర్యం. అందులో జూదరి తన కథ తానే చెప్పుకుంటాడు. అతని భార్య అనుకూలవతి. అతనితోగాని, అతని స్నేహితులతోగాని కలహించి ఎరుగదు. అట్టి ఇల్లాలిని పాచికల కొరకు దూరం చేసుకున్నాడు. అత్తకు కానివాడైనాడు. ఋణదాతలు వచ్చినపుడు తలిదండ్రులు, సోదరులు సైతం అతనిని ఎరుగనట్లు తప్పుకుంటారు. ఇక ఆడరాదని నిశ్చయించుకుంటాడు; పాచికల సవ్వడి వినబడగానే ఆ నిశ్చయం కరిగిపోతుంది. పాచికలు విడిచి పొలం దున్నుకొమ్మన్న హితవు సూక్తం ముగింపుకు వచ్చిన తరువాతనే వినిపిస్తుంది. ముందు బాధ, పిదప బోధ. మన నీతికథకులు చాలమంది ఈ క్రమాన్ని తలక్రిందులు చేసినందుననే వారి కథలు పాఠకుని హృదయాన్ని తాకలేదు.

భారతంలోని ద్యూతఘట్టాన్ని తెలుగువారికి నన్నయ 11వ శతాబ్దంలోనే అందించినాడు. ఈ ఘట్టం చెప్పేటపుడు పాఠశాలలలో దోషమంతా శకునిపై మోపడం పరిపాటి. శకుని కపటి అనుటలో సందేహం లేదు. అయితే దోషం అతనితోనే ముగిస్తే, విద్యార్థికి మిగిలే నీతి ఏమిటి? మోసగానితో ఆడరాదు, నిజాయితీపరునితో ఆడవచ్చునని! వ్యాసుని అభిప్రాయం ఇది కాజాలదు. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి పోయినదంతా తిరిగి ఇప్పించిన తరువాత ధర్మరాజు ఇంద్రప్రస్థానికి బయలుదేరినాడు. దారిలో మరల పిలుపు వచ్చింది. శకుని ఎట్టివాడో అప్పటికి తెలియనిది కాదు. జరిగిన అవమానం చల్లారనే లేదు. అయినను ధర్మరాజు వెనుకకు మరలినాడు, ఆడినాడు, పన్నెండేండ్ల వనవాసాన్ని, ఒక యేటి అజ్ఞాతవాసాన్ని తెచ్చుకున్నాడు. మొదటి ద్యూతానికి శకుని కపటం కారణమని సరిపెట్టుకోవచ్చును. రెండవ ద్యూతానికి ఏమి చెప్పగలము? పెద్దల ఆజ్ఞ అన్నాడు, క్షత్రియధర్మమన్నాడు. వ్యసనం ఏనాడూ తన సొంత పేరుతో రాదు. గౌరవమైన పేరొకటి తగిలించుకొని వస్తుంది.

ఇక ద్రౌపది సంగతి. ఆమె పాచిక ముట్టలేదు. ఆట సాగినపుడు సభలోనే లేదు. తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అని ఆమె వేసిన ప్రశ్నకు భీష్మునివంటివాడు ధర్మసూక్ష్మమని తప్పుకున్నాడు. కౌరవులలో వికర్ణుడొక్కడే ఆమె పక్షాన మాట్లాడినాడు. ఆడినవాడు ఒకడు, వెల చెల్లించినవారు వేరొకరు. జూదం గురించి సాహిత్యం కనిపెట్టిన పరమసత్యం ఇదే.

ఆ వనవాసంలోనే బృహదశ్వుడు ధర్మరాజుకు నలుని కథ చెప్పినాడు. నలుడు పుష్కరునితో నెలల తరబడి ఆడినాడు. మంత్రులు, పౌరులు వాకిట నిలిచినా తల ఎత్తలేదు. దమయంతి మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. సర్వం పోకమునుపే బిడ్డలిద్దరినీ రథమెక్కించి విదర్భకు పంపింది. శ్రీహర్షుడు తన నైషధాన్ని దంపతుల సౌఖ్యంతో ముగించినాడు. శృంగారనైషధం వ్రాసిన శ్రీనాథుడూ అదే త్రోవ పట్టినాడు. స్వయంవరం చదివి పుస్తకం మూసే విద్యార్థికి దమయంతి సౌందర్యం తెలుస్తుంది కాని ఆమె ధైర్యం తెలియదు.

నలుడు చివరకు జూదంతోనే రాజ్యం గెలిచినాడు గదా అని ఎవరైనా అడుగవచ్చును. ఆ గెలుపుకు ముందేమి జరిగిందో చూడవలెను. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్కించి చూపి, నలునికి అక్షహృదయం నేర్పినాడు. లెక్క తెలిసిన క్షణాననే కలి అతనిని విడిచిపోయి ఆ చెట్టులో దాగినాడు. వేదకాలపు పాచికలు ఆ తాండ్రకాయలే కావడం గమనింపదగినది. అదృష్టమనే భ్రమ ఉన్నంతకాలం కలి ఉన్నాడు. లెక్క తెలియగానే భ్రమ తొలగింది.

పాశ్చాత్య కథకులు ఈ భ్రమనే పట్టుకున్నారు. రష్యా రచయిత పుష్కిన్ 1834లో ప్రకటించిన ‘ఇస్పేటు రాణి’ కథలో హెర్మన్ పొదుపరి. పేక ముట్టనివాడు, కాని తెల్లవార్లు ఇతరుల ఆట చూస్తూ కూర్చునేవాడు. గెలుపు రహస్యం కొరకు ఒక నిరపరాధయైన యువతిని వంచించి, ఒక వృద్ధురాలి మరణానికి కారకుడై, తుదకు మతి పోగొట్టుకున్నాడు. దొస్తయేవ్‌స్కీ 1866లో వ్రాసిన ‘జూదరి’ నవలలో నాయకుడు ఒక ఇంట పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుడు. విద్య వ్యసనాన్ని ఆపగలదన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ. ఆ రచయిత తానూ 1871 వరకు ఆ చక్రానికి కట్టుబడినవాడే. ఇంగ్లీషు రచయిత లారెన్సు 1926లో ప్రకటించిన కొయ్యగుర్రం కథ మరింత దారుణం. అందులో పసివాడు పందెాలలో ఓడిపోడు, గెలుస్తాడు. ఇంకా డబ్బు కావలెనని గుసగుసలాడే ఇంటి కొరకు గెలిచి గెలిచి ప్రాణమే విడుస్తాడు. ఓటమియే కీడని తలచేవారికి ఈ కథ చక్కని సమాధానం.

జూదం ఆకర్షణను ఇంత చక్కగా వర్ణిస్తే యువకులు చెడిపోరా అన్న ఆక్షేపణ ఒకటి ఉన్నది. అది త్రోసివేయదగినది కాదు. గెలుపును మాత్రమే మెరిపించి, ఇంటివైపు చూడని రచన నిశ్చయంగా హాని చేస్తుంది. కాని ఆకర్షణను దాచిన కథ అబద్ధమాడినట్లే. విద్యార్థి మొదటి పందెం గెలిచిననాడు ఆ అబద్ధం బయటపడుతుంది. దానితో కథ చెప్పిన నీతి మీద కూడ నమ్మకం పోతుంది.

ఈనాడు పాచికల సవ్వడి లేదు. జూదశాల చేతిలోని ఫోనులోనికి వచ్చింది. ప్రక్కగదిలో తల్లికి కూడ వినబడదు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం అవసరమే, కాని మరల పిలుపు వచ్చినపుడు వెనుకకు మరలే మనస్సును చట్టం మార్చలేదు. అందుకు ఉపాధ్యాయుడు సభాపర్వం చెప్పే తీరు కొంత మారవలెను. శకుని ఎంత దుర్మార్గుడని అడగడంతో ఆగక, అన్నీ తిరిగి దక్కిన తరువాత ధర్మరాజు ఎందుకు మరలినాడని పిల్లలను అడగవలెను. ఆ ప్రశ్నకు తరగతిలో కలిగే నిశ్శబ్దం ఏ నీతివాక్యం కన్నను ఎక్కువ పని చేస్తుంది.