దేశాలు దాటే అతిథులు

తెల్లని ఒళ్లు, ఎర్రని ముఖం గల సైబీరియా కొంగలు ఒకప్పుడు ఏటా చలికాలంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలకు వచ్చేవి. 1960ల్లో సుమారు 200 కనిపించేవి. భరత్‌పూర్‌లో వాటికి రక్షణ ఉండేది. కాని ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా వచ్చే దారిలో ఎన్నో వేటగాళ్లకు చిక్కేవి. ఒకరు కాపాడి మరొకరు వల పన్నితే పక్షి బ్రతుకుతుందా?

దారిలోని దేశాలు 1993లో ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికే ఆలస్యమైంది. 2002 తరువాత అవి భరత్‌పూర్‌కు రాలేదు. తూర్పు సైబీరియా గుంపు మాత్రం చైనాలోని పోయాంగ్ సరస్సుకు నేటికీ వేల సంఖ్యలో చేరుతోంది.

పక్షి దిగడానికి నీరూ ఉండాలి గదా! అందుకే 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. మన దేశం 1982లో చేరింది. 2002లో మన కొల్లేరు ఆ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సును ఆక్రమించగా, 2006లో ప్రభుత్వం ఎన్నిటినో కొట్టించవలసి వచ్చింది.

సంతకాలు దేశాలు చేస్తాయి. చెరువును నిలుపుకోవలసింది ఊరివారే. మీ చెరువుకు వలస పక్షులు వస్తే ఉరులు పన్ననీయకండి. అవెంత దూరం నుండి వచ్చాయో మీ పిల్లలకు చెప్పండి.